వంటింటికి ఒక అరుగు

మన తెలుగులో 'వంటింటి కుందేలు' అనే జాతీయం ఒకటి ఉన్నది. ఎటూ తప్పించుకొని పోలేక చేతికి చిక్కి ఉన్నవారిని ఆ మాటతో పేర్కొంటాము. నవ్వుతూ వాడుకొనే మాటే గాని, అందులో ఒక ఒప్పుకోలు దాగి ఉన్నది. వంటిల్లు అనగా వెలుపలికి దారి లేని చోటు అని మన పూర్వులు ఆ ఒక్క మాటలోనే చెప్పివేసినారు.

ఇందుకు పూర్తిగా భిన్నమైన చోటు మన ఇండ్లకు మరొకటి ఉండేది. అది వీథి అరుగు. దారిన పోయే బాటసారి సైతం అక్కడ ఒక క్షణం కూర్చొని దాహం తీర్చుకొని పోయేవాడు. గాలి, వెలుతురు, మాటామంతీ అన్నీ అక్కడే. ఇంటి ముందర అరుగు కట్టిన మేస్త్రియే ఇంటి వెనుక వంటిల్లు కట్టినాడు. ముందర కట్టినది విశ్రాంతికి, వెనుక కట్టినది చాకిరికి. మొదటిదానిలో ఎక్కువగా కూర్చున్నది పురుషులు, రెండవదానిలో బ్రతుకు గడిపినది స్త్రీలు.

నేడు దుకాణాలలోను, పత్రికలలోను అందమైన వంటిళ్ళ బొమ్మలు కనిపిస్తున్నవి. మెరిసే తలుపుల బీరువాలు, నున్నని రాతి గట్లు, రంగురంగుల దీపాలు చూచినవారికి ఆదరణ గల వంటిల్లు అనగా డబ్బు పోసి కొనితెచ్చుకొనే వస్తువు అనిపించును. మేము చెప్పదలచిన సంగతి వేరు. వేడి వేరు, వెచ్చదనం వేరు. వేడి పొయ్యి ఇచ్చేది, వెచ్చదనం మనుషులు ఇచ్చేది. వండేవారిని ముందుగా ఆదరించిన వంటిల్లే తరువాత వచ్చినవారిని ఆదరించగలదు. ఆ ఆదరణ ఎట్లు కలుగునో, దానికి కావలసిన కొలతలేమో ఈ వ్యాసంలో వివరించ ప్రయత్నిస్తాము.

మా ఇంటి కిటికీ

మా చిన్ననాట మేము నివసించిన ఇంటిలో వంటగది ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. కిటికీ లేదు. పై పెంకుల మధ్య ఒక పెంకు తొలగించి వదలిన సందు గుండా పొగ పోవలెను. వానాకాలంలో ఆ సందును కూడా మూసివేసేవారు. కట్టెలు తడిసినప్పుడు మా దాదీమా ఊదుగొట్టం పట్టుకొని గంటసేపు పొయ్యి ముందర కూర్చునేవారు. పండుగనాడు బంధువులు వచ్చినప్పుడు ముందు గదిలో దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నవారంతా ఆమె చేతి వంటను పొగడేవారు. ఆ పొగడ్త గోడ దాటి వంటింటిలోనికి పోయినట్లు మాకు జ్ఞాపకం లేదు.

కొన్నేండ్లకు ఇంటికి గ్యాసు పొయ్యి వచ్చినది. పొగ పోయినది గాని ఉక్క పోలేదు. అప్పుడు మా తండ్రిగారు పెరటి వైపు గోడ పగులగొట్టించి రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు గల కిటికీ పెట్టించినారు. మేస్త్రి మిగిలిన ఇటుకలతో ఆ కిటికీ క్రింద పదహారంగుళాల ఎత్తున చిన్న అరుగు కట్టి, పైన ఒక షాబాదు బండ పరచినాడు. నీళ్ళ బిందెలు పెట్టుకొనడానికని కట్టినది అది. మొదటి వారం బిందెలే ఉన్నవి. రెండవ వారం దాదీమా బిందెలను క్రిందికి దింపి తామే కూర్చున్నారు. మరి కొన్నాళ్ళకు మేము అక్కడ కూర్చొని ఎక్కాలు వల్లె వేయడం, పొరుగింటి ఆమె పెరటి వైపు నుండి కిటికీలో తొంగిచూచి మాట్లాడడం అలవాటైనది. మా తండ్రిగారు ఆ అరుగు మీద కూర్చొని వెల్లుల్లి ఒలవడం మేము మొదటిసారి చూచినది అప్పుడే. ఆయనను ఎవరూ పిలువలేదు. కూర్చొనడానికి చోటున్నది గనుక వచ్చి కూర్చున్నారు. ఊరక కూర్చొనలేక వెల్లుల్లి చేతికి తీసికొన్నారు.

ఇంత చిన్న మార్పు ఇంత పని ఎట్లు చేసినది? ఈ ప్రశ్నయే మా ఈ వ్యాసానికి మూలం.

పొగతో పోరాటం

వంటింటి మొదటి శత్రువు పొగ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020 సంవత్సరంలో ఇండ్లలోని పొగ, కలుషిత వాయువుల మూలంగా సుమారు 32 లక్షల మంది అకాల మరణం పొందినారు. కట్టె, పిడక, బొగ్గు సరిగా మండనప్పుడు వెలువడే సూక్ష్మమైన మసి ఊపిరితిత్తుల లోతులకు చేరి శ్వాసకోశ వ్యాధులకు, హృద్రోగాలకు, పక్షవాతానికి, కంటి శుక్లాలకు కారణమగుచున్నది. పొయ్యి దగ్గర ఎక్కువసేపు ఉండేవారు స్త్రీలు, వారి ఒడిలోని పిల్లలు గనుక ఈ హాని వారికే ఎక్కువ.

ఈ పోరాటంలో మన హైదరాబాదుకు ఒక గౌరవస్థానం ఉన్నదని మన విద్యార్థులలో అనేకులకు తెలియకపోవచ్చు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయంలో పనిచేసిన ఎస్. పి. రాజు గారు పొగలేని మట్టి పొయ్యి ఒకటి రూపొందించి, 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే గ్రంథం ప్రకటించినారు. ఆ పొయ్యి సూత్రం సులభమైనది. ఒకే మంట మీద గిన్నెలు వరుసగా కూర్చుండును. వేడి గాలి ఒక్కొక్క గిన్నె అడుగును తాకుతూ ముందుకు సాగి, చివరకు గొట్టం గుండా కప్పు పైకి పోవును. పొగ బయటికి పోవును, కట్టెలు ఆదా అగును. 1980లలో ఇటువంటి పొయ్యిల కొరకు జాతీయ స్థాయిలో ఒక పథకమే నడిచి 2002లో ముగిసినది. మసి పట్టిన గొట్టాలను శుభ్రపరచేవారు లేని చోట్ల ఆ పొయ్యిలు మళ్ళీ పొగ చిమ్మినవి.

తరువాత గ్యాసు వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ప్రారంభమైన దీపం పథకం, దేశమంతటా 2016 మే 1న ప్రారంభమైన ఉజ్జ్వల పథకం పేద ఇండ్లకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చినవి. అయినను సిలిండరు నింపించే శక్తి లేనప్పుడు మళ్ళీ కట్టెల వైపు తిరిగే ఇండ్లు ఉన్నవి. కావున పొగ సమస్య పూర్తిగా తీరిన కథ కాదు.

పొగ లేకపోయినను గాలి మార్గం కావలెను. వేడి గాలి తేలికైనది, పైకి పోవును. అందుచేత దాని దారి కప్పుకు దగ్గరగా ఉండవలెను, చల్లని గాలి లోనికి వచ్చే దారి ఎదుటి గోడకు క్రింది భాగంలో ఉండవలెను. గాలి బయటికి తోసే ఫ్యాను పెట్టినప్పుడు దానిని కిటికీ పక్కనే పెట్టుట పొరపాటు. పక్కనే లోనికి వచ్చిన గాలి పక్కనే బయటికి పోవును, పొయ్యి దగ్గరి వేడి అక్కడే నిలిచిపోవును. ఇక వంట గ్యాసు సంగతి వేరు. అది గాలి కన్న బరువైనది. కారినచో నేల మీద పేరుకొనును. కనుక నేలకు దగ్గరగా కూడ వెలుపలికి ఒక రంధ్రం ఉండవలెను. సిలిండరు ఎల్లప్పుడు నిలువుగా, పొయ్యి కన్న దిగువన ఉండవలెను.

ఒక స్త్రీ గీసిన వంటిల్లు

పొగ తరువాతి ప్రశ్న శ్రమ. ఈ ప్రశ్నను యూరపులో ఒక స్త్రీ ఎదుర్కొన్న తీరు తెలిసికొనదగినది. మొదటి ప్రపంచ యుద్ధానంతరం జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం శ్రామిక కుటుంబాల కొరకు పెద్ద సంఖ్యలో ఇండ్లు నిర్మించినది. ఆ ఇండ్లకు వంటగది రూపొందించే పని మార్గరెట్ షూటె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా దేశపు వాస్తుశిల్పికి లభించినది. ఆమె 1897లో జన్మించి 2000లో మరణించినారు. 1926లో ఆమె గీసిన వంటగది 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు గలది. రైలులోని భోజనశాల పెట్టెలో ఇరుకు చోట ఎందరికో వండగలుగుట చూచి ఆ పొదుపును ఇంటిలోనికి తెచ్చినారు. కిటికీ ముందర పని బల్ల, దాని దగ్గర తిరిగే ఎత్తుపీట, పప్పు ఉప్పులకు పేర్లు వ్రాసిన అల్యూమినియం సొరుగులు, ఇటు అటు జరుపగల దీపం, అన్నీ చేతికి అందే దూరంలో అమర్చినారు. అటువంటి వంటిళ్ళు సుమారు పది వేలు కట్టబడినవి.

ఆ ప్రయత్నం నుండి మనం గ్రహించవలసినవి రెండు. మొదటిది, వంట కూడ కూర్చొని చేయదగిన పని, కొలిచి అమర్చదగిన పని అని ఒక వాస్తుశిల్పి గుర్తించుట. ఆ ఎత్తుపీట చిన్న వస్తువే గాని గొప్ప ఆలోచన. రెండవది దానిలోని లోపం. ఆ గదిలో ఒక్కరికే చోటు. సాయం చేయ వచ్చినవారు అడ్డు అగుదురు, పిల్లలు గుమ్మం దగ్గరే నిలిచిపోదురు. శ్రమ తగ్గినది గాని ఏకాంతం పెరిగినదని తరువాతి కాలం వారు ఆ వంటింటిని విమర్శించినారు. కుందేలుకు సౌకర్యమైన గూడు దొరికినది, కాని కుందేలు కుందేలుగానే ఉన్నదని మన మాటలలో చెప్పవచ్చును.

కావలసిన కొలతలు

మన దేశపు జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం భోజనానికి వేరే చోటు ఉన్న ఇంటిలో వంటగది వైశాల్యం 5 చదరపు మీటర్లకు, వెడల్పు 1.8 మీటర్లకు తగ్గరాదు. వంట, భోజనం ఒకే గదిలో అయినచో 7.5 చదరపు మీటర్లు, 2.1 మీటర్ల వెడల్పు ఉండవలెను. అనగా సుమారు 81 చదరపుటడుగులు. మా చిన్ననాటి వంటిల్లు 48 చదరపుటడుగులే. ఇల్లు కట్టుకొనేవారు ముందు గదిలో రెండడుగులు తగ్గించి వంటింటికి ఇచ్చినచో అతిథికి కలిగే నష్టమేమీ లేదు. ఇంటివారికి కలిగే మేలు ప్రతిదినం.

పొయ్యి, నీళ్ళ తొట్టి, సామాను ఉంచే చోటు అనే మూడింటి మధ్య వండేవారు రోజంతా తిరుగుదురు. అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయం వారు 1940లలో ఈ నడకను పరిశీలించి ఈ మూడింటిని ఒక త్రిభుజంగా భావించినారు. ఆ త్రిభుజపు ఒక్కొక్క భుజం 4 నుండి 9 అడుగులు, మూడింటి మొత్తం 13 నుండి 26 అడుగులు ఉండుట మంచిదని నేటికీ వాస్తుశిల్పులు పాటించే లెక్క. ఆ త్రిభుజం మధ్య నుండి ఇతరుల రాకపోకలు లేకుండ చూచుకొనవలెను.

గట్టు ఎత్తు విషయంలో ఒకే కొలత అందరికీ నప్పదు. వండేవారిని నిలుచుండబెట్టి, మోచేయి మడిచి, నేల నుండి మోచేతి వరకు కొలిచి, అందులో నాలుగంగుళాలు తగ్గించినచో తరుగుటకు తగిన ఎత్తు వచ్చును. పిండి పిసుకుటకు, లోతైన గిన్నెలో కలియబెట్టుటకు మరికొంచెం తక్కువ ఎత్తు మేలు. మేస్త్రి తన అలవాటు కొలతతో కట్టిన గట్టు దగ్గర ఇరువదియేండ్లు వంగి నిలిచిన నడుముకు ఆ రెండంగుళాల విలువ తెలియును.

వెలుతురు సంగతి కూడ ఇంతే. గది నడుమ కప్పుకు ఒకే దీపం వ్రేలాడదీసినచో వండేవారి నీడ వారి చేతుల మీదనే పడును. కత్తిపీట దగ్గర చీకటి మంచిది కాదు. గట్టు పైనున్న అలమర అడుగు భాగాన చిన్న దీపం పెట్టినచో నీడ వెనుకకు పోవును. తెల్లని చల్లని కాంతికి బదులు 2700 నుండి 3000 కెల్విన్ల పసుపు వన్నె కాంతి గల దీపం ఎన్నుకొనినచో రాత్రివేళ ఆ గదిలో కూర్చొనవలెనని మనసు పుట్టును. తూర్పున కిటికీ సాధ్యమైన ఇంటికి ఉదయపు టెండ ఉచితంగా లభించును. మన ప్రాంతంలో వంటింటిని ఆగ్నేయాన ఉంచే ఆచారమున్న ఇండ్లకు ఈ మేలు సహజంగానే కలుగుచున్నది.

కొనలేని అందం

వంటింటికి ఒక స్వభావం ఉండవలెనని అంటారు. స్వభావం బజారులో దొరకదు, వాడుకలో పుట్టును. కడప రాతి గట్టు మీద నిమ్మరసమో చింతపండు పులుసో పడినచో మచ్చ పడును. ఆ రాయి సున్నపు జాతిది గనుక పులుపు దానిని కొద్దిగా తినివేయును. మచ్చ పడరాదనుకొన్నవారు గ్రానైటు వేసికొనవచ్చును. కాని ఇరువదియేండ్ల పులుసుల జాడ ఉన్న కడప రాయి ఒక ఇంటి దినచర్య వంటిది. దానిని చూచి సిగ్గుపడనక్కరలేదు.

పాత హైదరాబాదు ఇండ్లలో నేమత్‌ఖానా అని ఒక చెక్క బీరువా ఉండేది. చుట్టూ సన్నని ఇనుప జాలి, లోపల వండిన పదార్థాలు. గాలి ఆడును, ఈగ వాలదు, పిల్లి చేరదు. చీమలు ఎక్కకుండ దాని కాళ్ళను నీళ్ళ గిన్నెలలో నిలిపేవారు. తెలుగు ఇండ్లలో ఉట్టి చేసిన పని అదే. నేడు ఫ్రిజ్ వచ్చినది గనుక ఆ బీరువాను పాత సామానువానికి అమ్మివేయనక్కరలేదు. ఉల్లి, బంగాళాదుంప, పండ్లు ఉంచుటకు దానికి మించినది లేదు. అట్లే నాయనమ్మ నాటి రోలు, ఊరగాయ జాడీలు, కళాయి పూసిన రాగి దేగ్‌చీ. ఇవి అలంకారానికి కాక పనికి ఉన్నంత కాలం ఇంటికి అందం. గోడలకు సున్నం వేయుట చవకైనది, చల్లనిది. సున్నపు క్షారగుణం బూజు పట్టనీయదు.

అరుగు ఎందుకు?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. గాలి, వెలుతురు, కొలతలు అన్నీ కుదిరిన తరువాత కూడ వంటింటిలో మరొకరు కూర్చొనుటకు చోటు లేకపోతే అది ఫ్రాంక్‌ఫర్ట్ వంటిల్లే అగును. మూడడుగుల పొడవు, పదిహేనంగుళాల వెడల్పు, పదహారంగుళాల ఎత్తు గల అరుగు ఇద్దరికి చాలును. దానిని కిటికీ క్రింద కట్టవలెను. పొయ్యిని కిటికీ క్రింద పెట్టరాదు, గాలికి మంట చెదరును, తెర అంటుకొను ప్రమాదమున్నది. అరుగుకు పొయ్యికి మధ్య మూడడుగుల నడక చోటు విడువవలెను. అద్దె ఇంటివారు చిన్న బల్లతో, చోటు లేనివారు గోడకు ఆనించిన రెండు పీటలతో ఈ పని నెరవేర్చుకొనవచ్చును.

కూర్చొనే చోటున్న గదిలోనికి మనిషి వచ్చును. వచ్చిన మనిషి చేతులు ఊరకుండవు. రంజాను మాసంలో సహర్ వేళ ఇల్లంతా నిద్రలో ఉండగా ఒక్కరే లేచి దీపం వెలిగించి పొయ్యి ముట్టించుట మనకు తెలిసినదే. ఆ వేళ మరొకరు వచ్చి అరుగు మీద కూర్చొని రొట్టెలు మడిచినను, ఊరక మాట్లాడినను ఆ గంట బరువు సగమగును. ఆ రెండవవారు కుమారుడు కావచ్చును, భర్త కావచ్చును. మా విద్యార్థులలో వసతి గదులలో స్వయంగా వండుకొనే యువకులు అనేకులున్నారు. అక్కడ నేర్చిన విద్యను ఇంటికి పోగానే మరచిపోనక్కరలేదు.

కిటికీ గురించి ఒక మాట. కూర వండునప్పుడు నీళ్ళు కొంచెమెక్కువ పోసి పొరుగువారిని గుర్తుంచుకొనవలెనని ప్రవక్త గారి బోధ. మా పెరటి కిటికీ గుండా ఈదునాడు షీర్‌ఖుర్మా గిన్నె అటు పోయేది, ఉగాదినాడు పచ్చడి గిన్నె ఇటు వచ్చేది. వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపరాదనే నియమం ఇరు ఇండ్లలోను ఉండేది. ఆ నియమాన్ని ఎవరూ వ్రాసి పెట్టలేదు. కిటికీ ఉన్నది గనుక అది నడిచినది.

మన కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. విద్యాసంస్థలు వసతిగృహాలు కట్టునప్పుడు గదుల సంఖ్య, భోజనశాల వైశాల్యం లెక్కించినంత శ్రద్ధగా వంటశాలను లెక్కించుట అరుదు. వందలమందికి పొయ్యిలో పిల్లి లేపేవారికి గాలి తోసే ఫ్యాను, సరియైన ఎత్తు గట్టు, కూర్చొని కూరలు తరుగుటకు ఒక పొడవైన అరుగు, తాము భోంచేయుటకు ఒక మూల ఉండవలెను. వీటికయ్యే వ్యయం భవన వ్యయంలో చాలా స్వల్పం.

చివరగా, మా ఇంటి అరుగు సంగతి పూర్తి చేయవలసి ఉన్నది. దాదీమా దాని మీద ఐదేండ్లు కూర్చున్నారు. సాయంకాలం కిటికీ చువ్వలకు తల ఆనించి తస్బీహ్ తిప్పుతుండేవారు. ఆ ఐదేండ్లలో ఆ గదిలో మేము విన్న కథలు అంతకు ముందెన్నడు వినలేదు. కాని ఆమె దగ్గు మాత్రం పోలేదు. అది పొగ నాటి దగ్గు. మా ఇంటికి కిటికీ ఆలస్యంగా వచ్చినది. రేపు ఇండ్లు కట్టుకొనబోయే మా విద్యార్థినీ విద్యార్థులు, పటం గీయించుకొనునాడే వంటింటికి ఒక కిటికీని, దాని క్రింద ఒక అరుగును గీయించుకొందురు గాక.